అన్నీ ఒక్కసారి నడవవు

గ్యాసు నాబు తిప్పి చూశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు. గీజరు స్విచ్చు ఆపి, దానికి కుడిచేతి వెనుకభాగం ఆనించి వేడిగా ఉందేమోనని కాసేపు నిలబడ్డాడు. అరచేత్తో ముట్టడు పురుషోత్తం. షాక్ కొడితే వేళ్ళు ముడుచుకుని తీగనే పట్టుకుంటాయని అతని భయం.

"అయ్యిందా మీ మొక్కుడు?" అంది భార్య సుకన్య, పూజగదిలో బంతిపూలు గుచ్చుతూ. "దేవునికి సుత ఇంతసేపు మొక్కరు మీరు."

పురుషోత్తం కడుపులో గ్యాసుకు వేసుకునే గోళీ ఒకటి చప్పరించాడు. నిన్నటి నుంచి ఎడమ రొమ్ము కింద బరువుగా ఉంది. కుక్కకు, వానకు, లిఫ్టుకు, పక్కింటి వాళ్ళ ఇన్వర్టరుకు కూడా భయపడే మనిషి ఆ బరువును మాత్రం లెక్కచేయలేదు. బజ్జీలు తిన్నాను కదా అనుకున్నాడు. ఏం చెప్పాలి ఇలాంటి మనిషికి!

పద్మారావు నగర్‌లో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేటరుగా చేస్తూనే అతని తల నెరిసింది. ఫ్యాక్టరీకి ఎంత కరెంటు అడగాలి, ఎంత లావు కేబుల్ వేయాలి అన్నది తేల్చడం అతని పని. షెడ్డులో ఉన్న మిషన్లన్నిటి లోడు కూడితే కొండంత అవుతుంది. కానీ ఫర్నేసు కాగుతుంటే ప్రెస్సు ఖాళీగా ఉంటుంది, ప్రెస్సు ఆడుతుంటే సుత్తి మిషను ఆగి ఉంటుంది. ఏది ఎప్పుడు నడుస్తుందో చూసి, ఆ కొండను తగ్గించి రాయాలి. డైవర్సిటీ అంటారు దాన్ని. "అన్నీ ఒక్కసారి ఎక్కడ నడుస్తయి?" అనేది ఆ ఆఫీసులో అందరి నోటా వినబడే మాట. పురుషోత్తం ఇంట్లో మాత్రం అది చెల్లలేదు. జ్వరం, వాన, సిలిండరు అయిపోవడం, సుకన్య బస్సులోంచి జారిపడడం, అన్నీ ఒకే రోజు వస్తాయని అతను ఎదురుచూస్తూ బతికాడు.

చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది. చేసింది మౌలా అలీ, బోయిన్‌పల్లి అవతల రాఘవేందర్ సేట్‌కు ఉన్న, ఇనుము కాచి సాగగొట్టే ఫోర్జింగ్ షెడ్డులో ఎలక్ట్రీషియన్.

"పురుషోత్తమన్నా, జెర జల్దీ రా. ఆయుధ పూజ షురూ అయితుంది. సేట్ ఎప్పటి లెక్కనే అన్ని మిషన్లు ఒక్క దెబ్బకు నడిపిస్తడంట. ఈసారి కొత్త ప్రెస్సులు సుత."

పురుషోత్తం ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. "ట్రిప్ అయితది మౌలా. కరెంటు మొత్తం పోతది."

"కాదన్నా. పోయిన దసరాకు హారతి టైముకే ట్రిప్ అయ్యిందని సేట్ ఏడాదంత పరేషాన్ గదా, అపశకునమని. అందుకే ట్రిప్ కాకుంట బ్రేకర్ సెట్టింగు మొత్తం పెంచేసిన. ఒక్క నిమిషమేనాయె, కేబుల్ మోస్తది. నేను ప్యానెల్ కాడ్నే నిలబడ్త."

"మోయదు! మౌలా, విను..."

అవతల డప్పులు మొదలయ్యాయి. ఫోను కట్టయింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. సేట్‌కు చేశాడు. ఆయనా ఎత్తలేదు.

ఆ కొత్త ప్రెస్సులు వచ్చినప్పుడు పాత కేబులే చాలునని రాసింది పురుషోత్తమే. రోజంతా షెడ్డులో కూర్చుని, ఏది ఎప్పుడు నడుస్తుందో చూసి మరీ రాశాడు. మామూలు రోజులకు ఆ లెక్కలో తప్పు లేదు. ఏడాదికి ఒక్కసారి కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, యంత్రాలన్నిటినీ కలిపి కదిలిస్తారని మాత్రం అతనికి తట్టలేదు. ప్రతి దసరాకూ ఆ ప్రసాదం తింటూనే ఉన్నాడు, అయినా తట్టలేదు! అన్ని మోటార్లూ ఒకేసారి లేచేటప్పుడు లాగే కరెంటును బ్రేకరు ఆపకపోతే ప్యానెల్ పేలుతుంది. దాని ముందు మౌలా ఉంటాడు. నలుగురు పిల్లల తండ్రి.

అతను ఎక్కిన ఆటో ప్యారడైజ్ చౌరస్తా దాటి బోయిన్‌పల్లి దాకా బాగానే వచ్చింది. మార్కెట్ దగ్గర ఇరుక్కుపోయింది. రోడ్డంతా బంతిపూల రాశులు, బూడిద గుమ్మడికాయల ట్రాలీలు.

"ఎట్ల పోవాలె సార్, ఎగిరిపోవాల్నా?" అన్నాడు ఆటో అతను.

దిగి పరుగెత్తాడు. ఎప్పుడూ పరుగెత్తి ఎరగడు. ముచ్చెమటలు పోశాయి, ఎడమచెయ్యి లాగింది. పెద్ద శబ్దం వినబడుతుందేమోనని అడుగడుగునా చెవులు రిక్కించాడు. దేవుడా, ఒక్క ఐదు నిమిషాలు, అనుకున్నాడు.

షెడ్డులో మిషన్లన్నీ దండలు వేసుకుని ఉన్నాయి. ఒక్కో మిషను దగ్గర ఒక్కో మనిషి, పచ్చ బటన్ మీద వేలు. సేట్ చేతిలో కర్పూరం వెలుగుతోంది.

"ఆపున్రి!" అన్నాడు పురుషోత్తం. గొంతు కీచుగా వచ్చింది. డప్పులు ఆగాయి. "సేట్, ఒక్కోదానికి హారతియ్యున్రి. అది నడిసి ఆగినంక ఇంకోటి. అన్నీ కలిపితే ప్యానెల్ పేలుతది."

సేట్ మొహం చిట్లించాడు. "అన్నీ కలిపి మొక్కుడు మా నాయిన కాలం నుంచి ఉన్న పద్ధతి. ప్రతిదానికి భయపడ్తవు నువ్వు. పక్కకు జరుగు."

"భయమే సేట్. మస్తు భయమైతుంది. నడుపుతనంటే నడుపున్రి. గని మౌలాను బయటికి పిలువున్రి. ప్యానెల్ కాడ నేను నిలబడ్త."

స్విచ్చును అరచేత్తో ముట్టని మనిషని ఆ షెడ్డులో అందరికీ తెలుసు. టీ తాగుతూ ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. సేట్ అతని కాళ్ళ వైపు చూశాడు. ప్యాంటు గుడ్డ కదిలేంతగా వణుకుతున్నాయి.

"నువ్వు నిలబడ్తవా?" అన్నాడు సేట్. కర్పూరం చెయ్యి కాల్చేదాకా ఆలోచించాడు. "సరే. ఒక్కోటే నడుపున్రి."

ప్యానెల్ గదిలో మౌలా అలీ సెట్టింగును మళ్ళీ కిందికి దించాడు. పురుషోత్తం భుజానికున్న సంచిలోంచి, కరెంటు కొలిచే తన పాత టాంగ్ టెస్టర్ తీసి, పటకారు లాంటి దాని దవడ తెరిచి కేబుల్‌కు తగిలించాడు. ఆఫీసులో అందరి దగ్గరా అంకెలు కనబడేవి ఉన్నాయి. బ్యాటరీ అయిపోతే ఎట్లా అని ఇతను ముల్లు తిరిగే దాన్నే మోస్తున్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఫర్నేసుకు ముల్లు లేచింది, దిగింది. సుత్తి మిషనుకు లేచింది, దిగింది. ఒక్కో ప్రెస్సు కదిలింది, ఆగింది. గుమ్మడికాయ పగిలిన చప్పుడు, ఆ వెంటనే చప్పట్లు.

"బచాయించినవన్నా," అన్నాడు మౌలా. "నీళ్ళు తాగుతవా? చెమటలేంది గిట్ల?"

"గ్యాసు. నువ్వు ప్రసాదం పట్కరా పో. ఆ... మౌలా, సుకన్యకు ఫోన్ జెయ్యి జెర. గీజరు ఆపిన్నో లేదో యాదికొస్తలేదు."

మౌలా ఆకు దొన్నెలో పులిహోర తెచ్చేసరికి పురుషోత్తం గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత అతని అరుపు షెడ్డు అంతా వినబడింది.

దసరా వెళ్ళాక షెడ్డు తెరిచారు. బ్రేకరు జోలికి మౌలా ఎవరినీ పోనివ్వలేదు. పురుషోత్తం మిగిల్చిపోయిన సంచి, టెస్టర్ సుకన్యమ్మకు పంపించమని సేట్ చెబితే, రేపు పంపిస్తానని అన్నాడు. ఫర్నేసు బటన్ నొక్కారు. కేబుల్‌కు వేలాడుతున్న పాత టాంగ్ టెస్టర్‌లో ముల్లు వణుకుతూ లేచి, వణుకుతూనే నిలబడింది.