కాల్చని ఇటుకల ప్రసూతిశాల

గ్రీష్మతాపకృశయైన గౌతమి సైకతశ్రేణుల నడుమ సన్నని వెండితీగవలె మెరయుచు, మధ్యాహ్నమార్తాండుని చండకిరణములకు తాటితోపులు సైతము తలలు వాల్చి నిశ్చలములై నిలిచిన వేళ, కోటిలంక గ్రామోపాంతమున నదీతీరము పొడవున వెలసిన ఇటుకల ఆవములన్నియు నల్లని ధూమమును గగనమున కెగజిమ్ముచుండ, ఒక్క ఆవము మాత్రము నిప్పు లేక చల్లబడి యుండెను. అది కొప్పిశెట్టి మాణిక్యాంబది.

భర్త గతించిన పిదప పందొమ్మిదియేండ్లు ఆ యావమును తానే నడపిన ఆ ధీర, దాని నార్పుటకు కారణము అరుంధతి యను వాస్తుశిల్పి. పట్టణమున ప్రసూతివైద్యశాలను నిర్మించు భారమును వహించిన ఆ యువతి తీరమునకు వచ్చి, ఇటుకలు కాల్చుటవలనను సిమెంటు వండుటవలనను గదులను చల్లబరచు యంత్రములవలనను వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని ఏటేట వేడెక్కించుచున్నదనియు, అందువలన తాను మన్నును సున్నముతో కలిపి యంత్రమున అదిమిన పచ్చి ఇటుకలతోనే గోడలు కట్టదలచితిననియు తెలిపి, ఆవముల యజమానుల నందరను వేడుకొనెను. అందరును నవ్విరి. మాణిక్యాంబ నవ్వలేదు. బొగ్గుగంపలు మోయుచు మాటిమాటికి నిలిచి దగ్గుచున్న తన కూలీలను కొంతసేపు చూచి, ఆ పనికి ఒప్పుకొనెను.

ప్రధాన ఇంజనీరు దక్షిణామూర్తి కఠినమైన నియమము విధించెను. మచ్చునకు కట్టిన గోడ మూడుదినములు జలధారలకు నిలిచి, పిమ్మట వలసినదానికి రెండింతల బరువు మోయవలెను. కానిచో వైద్యశాల కాల్చిన ఇటుకలతోనే లేచును. ఆ యేట మాణిక్యాంబను నమ్మిన నలువది కుటుంబములకు వేరు పని లేదు.

తొలి గోడ రెండవదినముననే కరగి బురదయై కూలెను. చూడవచ్చిన యజమానులు వేళాకోళమాడుచు వెడలిపోయిరి. అరుంధతి ప్రార్థింపగా దక్షిణామూర్తి ఆరువారముల గడువొసంగి, ఇదియే కడపటిదని హెచ్చరించెను.

ఆ బురద చెంత తలవంచి కూర్చున్న మాణిక్యాంబను సమీపించి, చిరకాలముగా అచ్చులు పోయుచుండిన పైడితల్లి యను కూలివనిత మెల్లగా పలికెను.

"అమ్మా, మనము వీనిని ఆవమునకెక్కించు ఇటుకలవలె ఎండలో పెట్టితిమి. త్వరగా ఎండిన సున్నము పట్టు విడుచును. మా తండ్రి విజయనగరమున సున్నపు గోడలు పూసినప్పుడు నెలదినములు తడుపుచునే యుండెడివాడు."

"ఈ మాట ముందే ఏల చెప్పవైతివి?"

"అడిగినవారు లేరమ్మా."

మాణిక్యాంబ సిగ్గుపడెను. నాటినుండి పని యంతయు పైడితల్లి చెప్పినట్లు సాగెను. తాటాకుపందిళ్లు లేచెను. క్రొత్త ఇటుకలు నీడలో తడిగడ్డి కప్పుకొని నాలుగువారములు నానెను.

మరల పరీక్షాదినము వచ్చెను. మూడుదినములు అగ్నిమాపకదళపు గొట్టములు కురిసిన ధారలకు గోడ చెక్కుచెదరలేదు. పిదప ఇసుకబస్తాలు ఒకదానిపై నొకటిగా ఎక్కుచుండ మాణిక్యాంబ చూడజాలక పైడితల్లి చేయి గట్టిగా పట్టుకొని కన్నులు మూసికొనెను. రెండింతల బరువు పూర్తియయ్యెను. దక్షిణామూర్తి గోడచుట్టు తిరిగి, పగులు వెదకి, కానక, "ఇంకను ఎక్కించుడు" అని ఆజ్ఞాపించెను. మూడింతలకును గోడ కదలలేదు. అంతట ఆ వృద్ధుడు కండ్లజోడు తీసి తుడుచుకొని, "మాణిక్యాంబగారూ, ఓడితిని. ఓడినందులకు సంతసించుచున్నాను" అనెను. నలువది కుటుంబముల హర్షధ్వానము ఆవలిగట్టున మారుమ్రోగెను.

మరుసటి వేసవికి ప్రసూతిశాల తెరువబడెను. మందమైన గోడలును లోతైన వసారాలును ఎండను వెలుపలనే నిలుపగా, శీతలయంత్రము లేని గదులలో బాలింతలు నడిమధ్యాహ్నమున హాయిగా నిద్రించిరి. అది కన్నులార చూచిన పిమ్మట, నాడు వేళాకోళమాడిన యజమానులే పదునొకండుగురు మాణిక్యాంబ పందిటికి వచ్చి, ఆ విద్య తమకును నేర్పుమనిరి. ఆమె వారిని పైడితల్లి కడకు పంపెను.

పరుల పనిని నిలుచుండి చూచుటయే తప్ప ఏండ్లుగా మన్ను ముట్టని ఆ గృహస్థులు, పంచెలు బిగించి, మోచేతులవరకు సున్నపుమన్ను పూసికొని కలుపుచుండ, పైడితల్లి వారి నడుమ తిరుగుచు, పిడికెడు మన్ను తీసి పిసికి చూచి, తల యడ్డముగా నూపి, మరల కలుపుడని గంభీరముగా చెప్పుచుండెను.