ఫోటోల వెనక తెల్లబట్ట

నేను ఒక తెల్లబట్టను. ఫోటో స్టూడియోలో మనిషి వెనక వేలాడదీస్తారే, ఆ తెరను. మీ పాస్‌పోర్టులో, ఆధార్ కార్డులో మీ చెవుల వెనక తెల్లగా కనబడేది నేనో నా తోబుట్టువులో అయి ఉంటాం. ఫోటో చేతికి రాగానే మీ ముక్కు ఎలా పడిందో చూసుకుంటారు గానీ మా వంక ఒక్కరూ చూడరు. పోనివ్వండి, నాకది అలవాటే.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. జిన్నింగు మిల్లులో రంపపు పళ్లు పత్తిగా ఉన్న నన్ను గింజ నుంచి పీకాయి. సిరిసిల్ల మరమగ్గం మీద దారాన్ని మోసే నాడె అటూ ఇటూ బాదుకుంటూ నన్ను నేసింది. ఆ షెడ్డులో పనిచేసేవాళ్లకు నడివయసు రాకముందే చెవులు మందగిస్తాయి. అది చాలదన్నట్టు మందు కలిపిన వేడినీళ్లలో ముంచి, నాలో ఉన్న రంగునంతా కాల్చి పారేశారు. ఇంత హింస పెడితే గానీ తెలుపు రాదు. అలాంటి తెలుపును తీసుకుపోయి మనుషులు శాంతికి గుర్తుగా పెట్టుకున్నారు. ఎవరూ బట్టను అడిగి పెట్టుకున్నట్టు లేదు.

ఆర్మూరులో పసుపు మార్కెట్టు ఎదురుగా స్టూడియో నడిపే లింబాద్రి నన్ను తానులోంచి చింపించుకుని తెచ్చాడు. గోడకు మేకులు దిగగొట్టి, నా పైఅంచులో ఇనపగొట్టం దూర్చి, వేలాడదీశాడు. నా ముందు ఒక స్టూలు, దానికి అటూ ఇటూ రెండు లైట్లు. ఆ చుట్టుపక్కల విదేశం పోదామనుకున్నవాళ్లంతా ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్లే. లింబాద్రి ఫోటో తీయడమే కాదు, పక్కనే కంప్యూటరు పెట్టుకుని వీసా దరఖాస్తులు కూడా నింపేవాడు. గడ్డం ఎత్తమని, రెప్ప వాల్చొద్దని, నవ్వొద్దని కేకలేసేవాడు. నవ్వొద్దని చెప్పాల్సిన అవసరం చాలామందికి ఉండేది కాదు.

లింబాద్రి మంచివాడు. ఈ మాట నేను పళ్లు కొరుకుతూ చెబుతున్నాను. ఆయన మంచితనమే ఒక ఆడమనిషిని చావు అంచుదాకా ఈడ్చింది.

ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. ఫోటో తీశాక కంప్యూటరు ముందు కూర్చుని మొహాన్ని శుభ్రం చేసేవాడు. మొటిమ తీసేసేవాడు, నలుపు తగ్గించేవాడు. ఆడవాళ్ల మొహాల మీద కమిలిన చోటుంటే, పెదవి చిట్లి ఉంటే, ఏమీ అడక్కుండా అదీ చెరిపేసేవాడు. పరువు కాపాడుతున్నానని ఆయన నమ్మకం. అందుకే ఆ ఊళ్లో మొగుడి దెబ్బ ఉన్న ఆడదాని ఫోటో ఒక్కటి కూడా దొరకదు. నా ముందు కూర్చున్నప్పుడు ఎంతమందికి ఉండేవో నాకు తెలుసు. ఇక రెండో అలవాటు, దరఖాస్తులో ఫోన్ నంబరు అడిగిన చోట ఆడవాళ్లదైతే మొగుడి నంబరు వేసేయడం. ఊరంతా అలాగే చేస్తుంది కాబట్టి అందులో తప్పేముందని ఆయనకు తోచలేదు.

వనమాల వచ్చింది ఒక మధ్యాహ్నం. ఆమె మొగుడు భూమేశ్ పసుపు లోడు తోలే లారీ డ్రైవరు. ఎడమ కంటి కింద ఆమెకు పెద్ద గాటు, కుట్లు వేసిన గుర్తులతో సహా. స్టీలు చెంబు విసిరితే అయిందట. ఆమె అక్క స్వరూప జర్మనీలో నర్సు. తల్లి పోయాక వనమాలకు జడ వేసిందీ బడికి పంపిందీ ఆ అక్కే. ఇప్పుడు ఆ అక్కకు కడుపులో క్యాన్సరు ముదిరిపోయి, డాక్టర్లు ఆశ వదులుకున్నారు. చివరిసారి చెల్లెల్ని చూడాలని ఆహ్వానం పంపింది. నెల రోజులు ఉండి వచ్చే సందర్శకుల వీసా కావాలి. భూమేశ్‌ను అడిగితే ఆమెను గోడకేసి కొట్టాడు. ఆమె మళ్లీ అడగలేదు. అతను లోడుతో మహారాష్ట్ర పోయిన రోజు చూసుకుని స్టూడియోకు వచ్చింది.

లింబాద్రి ఫోటో తీశాడు. దరఖాస్తు నింపుతుంటే, మీరు తప్పకుండా మీ దేశానికి తిరిగొస్తారనడానికి ఆధారం ఏమిటని అడిగే చోటు వచ్చింది. ఆ దేశాలవాళ్లకు అదే పెద్ద బెంగ, వచ్చినవాళ్లు పోరేమోనని. లింబాద్రి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, భర్త స్వదేశంలోనే ఉన్నాడని రాశాడు. ఆమె ఆ వాక్యం చదువుకుని సంతకం పెట్టింది. చెంబు విసిరినవాడే ఆమె తిరిగి రావడానికి హామీ. నాకు నవ్వొచ్చింది, బట్టలకు నవ్వుంటే.

హైదరాబాదు వీసా కేంద్రంలో ఆమె దరఖాస్తు ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషికి కంటి కింద గాటు ఉంది, ఫోటోలో చెంప అద్దంలా ఉంది. ఫోటో మార్చారు, ఇది చెల్లదు, ఉన్న మొహంతో కొత్తది తెమ్మన్నారు. వనమాల వీసా దరఖాస్తులో ఫోటో చెల్లలేదు, కొత్తది ఇవ్వాలి అంటూ ఒక సందేశం కూడా పంపారు. అది నేరుగా భూమేశ్ ఫోనుకు పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె స్టూడియోకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఈసారి ఏమీ చెరపొద్దని చెప్పింది. లింబాద్రి నసిగాడు. ఆడపిల్ల మొహం అలా పరాయి దేశానికి ఎలా పంపుతామన్నాడు.

"నా మొహమే గదనే అన్నా. ఉన్నది ఉన్నట్టు తియ్యి. మా అక్క నా కోసమే పానం పట్టుకొనున్నది," అంది వనమాల.

ఆయన కెమెరా ఎత్తేలోపే తలుపు గోడకు కొట్టుకుంది. భూమేశ్ చేతిలో లారీ జాకీ రాడ్డు ఉంది. ముందు ఒక లైటు పగిలింది. తర్వాత రెండోది. గాజు పెంకులు నా మీదికి ఎగిరాయి. ఆమె లేచేలోపు జుట్టు పట్టుకుని స్టూలు మీంచి ఈడ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకు నుదురు చీలింది. ఆమెకు పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు, నేను తప్ప. రెండు చేతులతో నన్ను పట్టుకుంది. అతను కాళ్లు పట్టి లాగాడు. ఆమె వదల్లేదు. నేను పైనుంచి సగందాకా చిరిగాను. మగ్గం మీద కూడా నాకంత నొప్పి తెలియదు. ఇనపగొట్టం ఊడి ఆమె వీపు మీద పడింది. ఆమె రక్తం నా పోగుపోగులోకి ఇంకింది. వెచ్చగా ఉంది. చేతులంటూ ఉంటే ఆ గొట్టం తీసి వాడి మెడ మీద నేనే కొట్టేవాణ్ని. బట్టగా పుట్టినందుకు ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నాను.

లింబాద్రి మూలన నక్కి ఉన్నాడు. జీవితమంతా ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేసిన మనిషి. ఆ క్షణంలో ఆయనకేమైందో నాకు తెలియదు గానీ, చేతిలో ఉన్న కెమెరా ఎత్తాడు. ఫ్లాష్ వెలిగింది. మళ్లీ వెలిగింది. రాడ్డు ఎత్తిన చేయి, ఆమె చీలిన నుదురు, అన్నీ పడ్డాయి. భూమేశ్ కళ్లు మూసుకుంటూ ఆయన మీదికి తిరిగాడు. లింబాద్రి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. కింద పడుతూ కూడా లింబాద్రి కెమెరాను పొట్ట కింద దాచుకున్నాడు. ఈలోగా మార్కెట్టులోంచి హమాలీలు పరుగెత్తుకొచ్చారు. పసుపు బస్తాలు మోసే చేతులవి. భూమేశ్‌ను నేలకేసి తొక్కి పట్టారు.

అప్పుడు వనమాల చేసిన పని చూసి నాకు భయమేసింది. లేచి స్టూలు నిలబెట్టింది. నుదుటికి కొంగు ఒత్తిపెట్టుకుని, రక్తం కాస్త ఆగాక కూర్చుంది.

"ఇప్పుడు తియ్యన్నా," అంది.

లింబాద్రి ఎడమ చేత్తో కెమెరా పట్టుకున్నాడు. తెర లేదు. ఒక హమాలీ చిరిగిన నన్ను ఎత్తి, చేతులు చాచి, ఆమె వెనక పట్టుకుని నిలబడ్డాడు. అతని వేళ్లు పసుపు, నా కింది సగం ఎరుపు. అయినా వీసా ఫోటోలో భుజాల పైనే కదా పడేది. అక్కడ నేను ఇంకా తెల్లగానే ఉన్నాను. ఆమె రెండు కళ్లూ తెరిచే ఉంచింది. వీసావాళ్లు అడిగేది అంతే.

పోలీసులు వచ్చి భూమేశ్‌తో పాటు నన్ను కూడా పట్టుకుపోయారు. రాడ్డుకు ఒక చీటీ, నాకు ఒక చీటీ కట్టి, కోర్టు సామాన్ల గదిలో పడేశారు. అక్కడ నా ఇరుగుపొరుగు గొడ్డళ్లు, కొడవళ్లు, ఎవరిదో చిరిగిన లుంగీ. పెళ్లిచూపులకు పోయేవాడి వెనక, దుబాయి పోయేవాడి వెనక ఠీవిగా వేలాడిన నేను హత్యాయత్నం కేసులో వస్తువునయ్యాను.

తర్వాతి సంగతి లింబాద్రి సాక్ష్యానికి వచ్చినప్పుడు గుమస్తాకు చెబుతుంటే విన్నాను. కొత్త ఫోటోతో వనమాల మళ్లీ హైదరాబాదు పోయింది. భర్త జైల్లో ఉంటే ఇక మీరు తిరిగొస్తారని నమ్మేదెలా అని అక్కడ అడిగారట. ఆమె కోర్టు సమన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఫలానా తేదీన నేను బోనెక్కి చెప్పాలి, నేను రాకపోతే ఇతను బయటికొస్తాడు అంది. వాళ్లు ఆ కాగితాన్ని చూశారు, ఫోటోను చూశారు, ఆమె నుదుటిని చూశారు. వీసా వచ్చింది. లింబాద్రి అది చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇక కోర్టు వరండాలో ఒకటే మాట. విమానం ఎక్కినదాయె, మళ్లీ ఎందుకొస్తుంది అని. భూమేశ్ అన్నదమ్ములు ధీమాగా బీడీలు కాల్చుకుంటూ తిరిగారు. బయటివాళ్లు ఎంత మంది చెప్పినా, దెబ్బతిన్న మనిషి నోరు తెరవకపోతే కేసు నిలవదని వాళ్ల వకీలు ధైర్యం చెప్పాడు. గుమస్తా కూడా రాదనే అన్నాడు. నిజం చెబితే నేనూ రావద్దనే కోరుకున్నాను. అంత దూరం బతికి బయటపడ్డ మనిషి మళ్లీ ఈ ముఖాల ముందుకు ఎందుకు రావాలి?

ఆమె వచ్చింది. అక్క చేతిలో చేయి పెట్టుకుని చివరిదాకా కూర్చుని, అక్కడే మట్టిలో కలిపి, నేరుగా వచ్చింది. గుమస్తా నన్ను విప్పి పరిచాడు. రక్తం ఎండి అట్టకట్టింది. ఇది గుర్తుపడతావా అని అడిగితే, వంగి, చిరిగిన అంచును వేళ్లతో పట్టుకుని, ఇదేనంది. భూమేశ్ వకీలు లేచాడు. వీసా దొరకదని తెలిసి, అది రాబట్టుకోవడానికే ఈ కేసు పెట్టావు, అవునా కాదా అని గద్దించాడు.

వనమాల ఆయన వైపు చూడలేదు. ఎదుటి బోనులో ఉన్న మొగుడి వైపే చూస్తూ చెప్పింది.

"వీసా కోసమే అయితే ఆడనే ఉండిపోదును సార్. పోకు, ఈడనే ఉండమని మా అక్క సచ్చేదాక అన్నది. నన్ను సంపవోయినోడు బయట తిరగొద్దని వచ్చిన."

భూమేశ్‌కు ఏడేళ్ల శిక్ష పడింది.

ఆ తీర్పు చివర నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. రక్తపు మరకలున్న ఈ తెల్లబట్ట విలువలేనిది కాబట్టి అప్పీలు గడువు ముగిశాక తగలబెట్టాలని. మీలో ఎవరికైనా అలా రాస్తే ఏడుస్తారు. నాకు మాత్రం ఆ వాక్యం చాలా ఇష్టం. భూమేశ్ అప్పీలుకు పోతే నన్ను కాల్చరు, మళ్లీ ఏదో కోర్టులో విప్పి పరిచినా పరుస్తారు, ఆమెను మళ్లీ బోనెక్కించినా ఎక్కిస్తారు. అతను ఇంకా పోలేదు. గడువు దగ్గరపడుతోంది. గదిలోకి ఎవరొచ్చినా అగ్గిపెట్టె తెచ్చాడేమోనని చూస్తున్నాను. నేను కాలిన రోజు నుంచి ఆమెను ఇక ఎవరూ కోర్టుకు పిలవరు.