మూడో నాటి ఉప్పు

మంగళవారం నుంచి మా జాడీల్లోని ఉప్పు నడిచి వెళ్లిపోతోంది. ఉదయం పదింటికి బయల్దేరుతుంది. సన్నటి తెల్ల గీతలా నేల మీద సాగి, తలుపు కింద నుంచి దూరి రోడ్డెక్కుతుంది. ఉప్పు నడిస్తే నాకేం పేచీ లేదు. దాన్ని పిలుస్తున్నదెవరో తెలియాలి, అంతే.

నా పేరు భ్రమరాంబ. గోదావరి కాలవ పక్కన గవర్రాజు గారి పచ్చళ్ల షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ఉప్పు చూస్తున్నాను. ఆవకాయ కలిపిన మూడో నాడు జాడీ మూత తీసి, అడుగు నుంచి పైకి తిరగకలిపి, వేలు నాలిక మీద పెట్టి మాట చెప్పాలి. తక్కువంటే ఇంకాస్త వేస్తారు. సరిపోయిందంటే జాడీ మూతికి గుడ్డ కట్టేస్తారు. ఇన్నేళ్లలో నా నాలిక మాట కాదన్నవాళ్లు లేరు.

ఈ రోజు మూడో నాడు. నలభై జాడీలు వరసగా ఉన్నాయి. మొదటిది చప్పగా ఉంది. రెండోదీ అంతే. తక్కువంటాను. ఉప్పు కొలిచే ఆదెమ్మ బస్తాలో చెయ్యి పెట్టి, పిడికిలి తెచ్చి, జాడీ మీద విప్పుతుంది. మళ్లీ కలిపి చూస్తాను. ఇంకా చప్పగానే ఉంది.

మిగతా ఆడవాళ్లు కూడా వేలు ముంచి నాకుతారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు, పైకి ఏమీ అనరు. ఇంతమంది ఒకేసారి నోరు మెదపడం లేదంటే ముందే కూడబలుక్కున్నారన్నమాట. ఇక్కడ ఉప్పు పోతోందమ్మా అని గట్టిగానే అంటాను. ఆదెమ్మ కొంగు సర్దుకుంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

పదో జాడీ దాటాక షెడ్డు పొడవు పెరుగుతుంది. పదకొండో జాడీకి చేరేలోపు ఒక బస్‌స్టాపు వస్తుంది. అందులో కూర్చుంటాను. తల బరువుగా ఉంది. పాదం నేను వేసిన చోట కాకుండా జానెడు పక్కన పడుతోంది. నాకెవరో ఏదో పెట్టారు. ఎవరు పెట్టారో కూడా కనిపెడతాను.

నమ్మదగింది ఒక్కటే ఉంది. విటమిన్ల సీసా. నీరసంగా ఉందంటే మా చెల్లెలు సత్యవేణి రెండు నెలల కింద ఇచ్చింది. రోజుకి ఆరు మాత్రలు, ఒక్కోదానికి చెంబెడు నీళ్లు తాగమంది. నేను మూత తీయగానే మాత్రలన్నీ లేచి నిలబడతాయి. ఇరవై ఆరేళ్లలో ఈ షెడ్డులో నన్ను చూసి లేచి నిలబడినవాళ్లు లేరు. బస్‌స్టాపులోనే రెండు వేసుకుని, రెండు చెంబులూ తాగి బయల్దేరతాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నా అంత తీరిక లేదేమో. ముప్పై తొమ్మిదో జాడీ దగ్గర నేను పట్టేస్తాను. ఆదెమ్మ పిడికిలి విప్పినప్పుడు అందులోంచి ఒక్క ఉప్పు గల్లు కూడా రాలదు. వట్టి చెయ్యి. ఆమె కొంగు మాత్రం మూట కట్టి, బరువుకి కిందకి లాగుతోంది.

నేరుగా గవర్రాజు గారి దగ్గరికి వెళ్లి, ఆదెమ్మ ఉప్పు దొంగిలిస్తోందని చెబుతాను. పదకొండేళ్ల నుంచి ఉన్న మనిషని ఆయన గొణుగుతారు. కానీ నా మాట కాదనడం ఆయనకి అలవాటు లేదు.

"నలభయ్యో జాడీ కూడా చూసెయ్యండి," అంటారు. "అదీ తక్కువేనని మీరంటే ఆదెమ్మ రేపట్నించి రానక్కర్లేదండి."

ఆదెమ్మ మొగుడు మంచంలో ఉన్నాడు. ఈ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను. నలభయ్యో జాడీ చూసేముందు, ఉప్పు ఎవరి దగ్గరికి పోతోందో కూడా తేల్చేస్తే ఒక పని అయిపోతుందని గీత వెంట నడుస్తాను.

ఉప్పు అటూ ఇటూ చూసి రోడ్డు దాటుతుంది. కాలవగట్టు మీదుగా పోయి సర్కారు ఆసుపత్రిలో దూరుతుంది. చీటీ కోసం వరసలో నిలబడకుండా డాక్టరమ్మ గదిలోకి వెళ్లిపోతుంది. నేనూ వెళతాను. నా రక్తం అప్పటికే గాజు గొట్టంలో వచ్చి, ఆమె ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది. నేను దాని పక్క కుర్చీలో కూర్చుంటాను.

మీ రక్తంలో ఉప్పు నూట పద్నాలుగు ఉంది, కనీసం నూట ముప్పై అయిదు ఉండాలి అంటుంది డాక్టరమ్మ. ఏం మందులు వాడుతున్నారని అడుగుతుంది. మందులేమీ లేవు, బలానికి విటమిన్లు, మాత్రకో చెంబెడు నీళ్లు, అంతేనని సీసా బల్ల మీద పెడతాను. ఆమె మూత తీస్తే మాత్రలు ఒక్కటీ లేవవు.

"కొందరికి ఇలాంటివి కూడా ఉప్పు దించొచ్చు," అంటుంది. "ఇవే చేశాయని ఇప్పుడే అనను. ముందు ఇవీ, ఆ చెంబుల నీళ్లూ ఆపి చూద్దాం."

ఇంత అనుమానపు మనిషిని నేనెక్కడా చూడలేదు. సీసాని కూడా వదలడం లేదు.

ఉప్పు ఎక్కడ ఆగిందో చూద్దామని బల్ల కిందకి వంగుతాను. గీత నా మడమల దగ్గర ఉంది. మడమల్లోంచే వస్తోంది. కాలు ఎత్తితే చిన్న కుప్ప రాలుతుంది. గుమ్మంలోంచి వెనక్కి చూస్తాను. కాలవగట్టు మీద, రోడ్డు మీద, నేను నడిచినంత మేరా తెల్లగా ఉంది. నేను దాని వెంట వచ్చాననుకున్నాను. అదే నా వెంట వచ్చింది.

సిగ్గేస్తుంది. అంతకంటే ఎక్కువ భయమేస్తుంది. షెడ్డులో ఒక జాడీ ఇంకా నా మాట కోసం చూస్తోంది. నేను తప్పు చెప్పినా వినేవాళ్లే అందరూ.

డాక్టరమ్మ నన్ను మంచం మీద పడుకోబెట్టి ఉప్పునీళ్ల సీసా వేలాడదీస్తుంది. తొందరపడి ఎక్కించకూడదట. ఒక చుక్క పడుతుంది. ఆమె భోజనానికి వెళ్లి వస్తుంది. రెండో చుక్క పడుతుంది.

ఆ రెండు చుక్కల తర్వాత ఆదెమ్మ వస్తుంది. ఒక చేతిలో అన్నం గిన్నె, వెనకాల గుమ్మంలో గవర్రాజు గారు. ఆదెమ్మ కొంగు ముడి విప్పి దుప్పటి మీద పరుస్తుంది. కొంగు నిండా ఉప్పే.

"జాడీలన్నిట్లో సరిపోయిందక్కా. నీ మాట కాదనలేక, తీసిన ఉప్పు కొంగులో వేసుకుని వట్టి చెయ్యి ఊపాను," అంటుంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాను.

"నువ్వు చూశాక ఇంక మేం చూసేదేముంది?"

ఉప్పు కోసం చెయ్యి చాపుతాను. వెంటనే వెనక్కి లాక్కోబోతాను. ఉప్పు చేతిలోంచి చేతిలోకి ఇచ్చుకుంటే ఇద్దరికీ గొడవ వస్తుంది. కింద పెట్టాలి, తీసుకోవాలి. పచ్చళ్ల షెడ్డులో ఇంకేం మరిచినా ఇది మరవం.

"గొడవ ఎలాగూ అయిపోయింది కదక్కా," అంటుంది ఆదెమ్మ. నా అరచెయ్యి తెరిచి గుప్పెడు ఉప్పు పోస్తుంది.

గొడవ వస్తుంది. ఆలస్యమైనందుకు ఆయాసపడుతూ గుమ్మంలోంచి నడిచి వస్తుంది. చంటిపిల్లంత ఉంది, మొహం మాత్రం నాదే. చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదని తెలిసి మంచం కోడు పట్టుకుని నిలబడుతుంది. ఆదెమ్మ దాన్ని ఎత్తి చంకనేసుకుంటుంది. గిన్నెలో నలభయ్యో జాడీ ఆవకాయ, అన్నం కలిపి ముద్ద చేసి దాని నోట్లో పెడుతుంది.

అది నములుతుంది. ముందు కారం, తర్వాత ఆవఘాటు, తర్వాత పులుపు నా నాలిక మీదికి వస్తాయి. చాలాసేపు ఇంకేమీ రాదు. ఆదెమ్మ నా వైపు చూడదు. ఆ తర్వాత ఉప్పు వస్తుంది.

"ఏమంటారు, భ్రమరాంబ గారూ?" అని గుమ్మంలోంచి గవర్రాజు గారు అడుగుతారు.

"సరిపోయింది," అంటాను. మాట దాని నోట్లోంచి వస్తుంది, రెండు మెతుకులతో సహా. ఆదెమ్మ ఆ మెతుకులు ఏరి తన నోట్లో వేసుకుంటుంది. గొడవ ఆమె భుజం మీద తల వాల్చి, నా కళ్లు మూసుకుంటుంది.