అక్క మార్చుకున్న పెట్టె

సకారియా రాత్రి ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టిన సూట్‌కేసుల్ని పొద్దున్నే ఒక్కొక్కటిగా బయటికి లాగి అరుగు మీద నిలబెడుతున్నాడు. ఎడమ వరసలో గట్టి పెట్టెలు, కుడి వరసలో గుడ్డవి. ప్రతి పెట్టెనూ ఒకసారి తలకిందులు చేసి, చక్రాన్ని అరచేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. గరగర వినిపిస్తే పక్కన పెడతాడు. షాపులో ఈ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టి. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. నడుముకు బూడిదరంగు లుంగీ, పైన కాలరు చొక్కా. పాదాలు ఎంత వెడల్పంటే చిటికెన వేళ్ళు రెండూ రబ్బరు చెప్పులు దాటి నేల మీదే నడుస్తాయి. జిప్పులు లాగీ లాగీ కుడి చూపుడువేలి గోరు సగానికి అరిగిపోయింది. ఇరవై ఆరేళ్ళలో సమోవా రాజధాని అపియా పట్నంలో సగం మందిని విమానం ఎక్కించిన ఆ చేతులు ఒక్కసారి కూడా టిక్కెట్టు పట్టుకోలేదు. సవాయీ దీవిలో పెళ్ళికి పడవ మీద వెళ్ళినప్పుడు కూడా అతని బట్టలు బియ్యం సంచిలోనే వెళ్ళాయి.

మొదటి బేరం ఎతీ. ఆస్ట్రేలియాలో పళ్ళ తోటల్లో కోతలకి మొదటిసారి వెళ్తున్నాడు. వచ్చీ రాగానే ఎర్రటి గట్టి పెట్టెను కావలించుకున్నంత పని చేశాడు.

"ఇదే ఇవ్వు బాబాయ్. మెరుస్తోంది చూడు."

"మెరిస్తే? నువ్వు వెళ్ళేది పళ్ళు కోయడానికా, పెళ్ళి చేసుకోడానికా?"

"ఏమో, రెండూ అవ్వొచ్చుగా."

"సరే. తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తావ్?"

ఎవరొచ్చినా సకారియా అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. ఏం తీసుకెళ్తున్నావని అడగడు. వెళ్ళేటప్పుడు ఎవరి బరువు వాళ్ళకి తెలుసు, వచ్చేటప్పటి సంగతే ఎవరూ ఆలోచించరని అతని నమ్మకం.

ఎతీ వేళ్ళు మడిచాడు. అమ్మకి కుట్టుమిషను, తమ్ముళ్ళకి బూట్లు, పాస్టరు గారికి కోటు, నాన్నకి చెట్లు కోసే రంపం.

"ఆ రంపం దీంట్లో పెడితే, మూత మీద మీ ఊరు ఊరంతా ఎక్కి కూర్చున్నా గడియ పడదురా. గుడ్డది పట్టుకెళ్ళు. మీ నాన్న పొట్టలాగా, ఎంత పెడితే అంత సాగుతుంది."

లోపల బల్ల దగ్గర కూర్చున్న యజమానురాలు లోసా తల పట్టుకుంది. "ఖరీదైంది ఒక్కటి అమ్మనివ్వడు కదా! పైగా ఈయనకి జీతం ఇచ్చేది నేను!"

ఎతీ గుడ్డ బ్యాగుతోనే వెళ్ళాడు. సకారియా గట్టి పెట్టెలు అసలు అమ్మడని కాదు. పాస్టరు గారి భార్య చర్చి గాజు గిన్నెలు తీసుకెళ్ళినప్పుడు గట్టిదే ఇచ్చాడు. దేనికి తగ్గది దానికే.

అలాంటివాడు మొన్న శనివారం నాడు తన జీతంలోంచి కోయించుకుని, ఒక నీలం గట్టి పెట్టె ఇంటికి మోసుకెళ్ళాడు. అది అక్క కోసం.

అక్క సెనెరీటాకి అరవై తొమ్మిది. పెళ్ళి చేసుకోలేదు. సకారియా భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. అక్క అంటే తమ్ముడి కంటిపాప అని సమోవాలో పెద్దల మాట. ఆమె తినకముందు అతను తినడు. ఆమె నిలబడి ఉంటే కూర్చోడు. ఆమె బట్టలు ముట్టుకోడు, ఒంటి సంగతి అడగడు. అలా అడగడం మర్యాద కాదు. అందుకే అక్క కడుపులో గడ్డ ఉందనీ, వైద్యానికి ఆక్లండ్ పంపిస్తున్నారనీ, అక్కడైనా డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పలేమన్నారనీ పాస్టరు గారి భార్య ద్వారానే అతనికి తెలిసింది. ఈ రోజు సాయంత్రం అయిదింటికి విమానం. మేనత్త కూతురి ఇంట్లో దిగుతుంది.

అక్క తొమ్మిదేళ్ళు కూర్చుని అల్లిన మేలిచాప ఒకటుంది. పట్టుగుడ్డలా జారిపోయే అల్లిక, అంచున ఎర్రటి ఈకలు. పెళ్ళికి, పట్టాభిషేకానికి, చావుకి తప్ప అలాంటి చాప ఇల్లు దాటదు. చుట్టకూడదు, వెడల్పాటి మడతలే పెట్టాలి. గట్టి పెట్టెలో అది పట్టదు. బలవంతంగా కుక్కితే ఈకలు విరుగుతాయి. సకారియాకి ఇది తెలుసు. తెలిసే నీలం పెట్టె తెచ్చాడు. చాప ఇంట్లో ఉండిపోతే అక్క చాప కోసమైనా తిరిగొస్తుంది.

పదకొండు దాటాక, అరుగు చివర చక్రాల చప్పుడు వినిపించింది. అతను చూడకుండానే గుర్తుపట్టాడు. సెనెరీటా ఆ నీలం పెట్టెను లాక్కుంటూ వస్తోంది. పొడవాటి మనిషి. చర్చికి కుట్టించుకున్న గౌను భుజాల దగ్గర వేలాడుతోంది. పెట్టె మీద పూల దుప్పటి మూట ఒకటి, మోచేతికి బట్టల మూట ఒకటి.

తమ్ముణ్ణి దాటుకుని తిన్నగా లోసా దగ్గరికి వెళ్ళింది.

"ఏమ్మా, ఈ షాపులో వస్తువు మారుస్తారా?"

"వారంలోపైతే మారుస్తాం అక్కా. రసీదు ఉందా?"

"రసీదు అదుగో, అక్కడ నిలబడి ఉంది." గడ్డంతో తమ్ముణ్ణి చూపించింది.

సకారియా చేతులు లుంగీకి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "అది చాలా మంచిది అక్కా. మేడ మీంచి పడేసినా పగలదు. మందు సీసాలకి..."

"నావి బిళ్ళలు. సీసాలు లేవు."

"వాన నీళ్ళు దిగవు."

"ఆక్లండ్‌లో పెట్టెల్ని వానలో ఆరేస్తారా ఏంటి?"

లోసా నవ్వాపుకోలేక రసీదు పుస్తకం వెనక మొహం దాచుకుంది.

"గుడ్డది చిరుగుతుంది."

"చిరిగితే కుట్టుకుంటాం. ఇది పగిలితే ఏం చేస్తావు? ఊళ్ళో అందరికీ చెప్పే మాటేగా, నాకెందుకు చెప్పవు?"

అతని నోటికి అలవాటైనదే వచ్చేసింది.

"తిరిగొచ్చేటప్పుడు ఏం తె..."

అక్కడ ఆగిపోయాడు. వీధిలో బస్సు ఒకటి పాటలు మోగించుకుంటూ వెళ్ళింది.

"ఈసారి తీసుకెళ్ళేదే ఉందిరా," అంది సెనెరీటా. పూల దుప్పటి మూట మీద చెయ్యి ఆనించింది. "దీని మడత విరక్కుండా పట్టేది చూసి ఇవ్వు. నీకంటే బాగా తెలిసినవాళ్ళెవరున్నారు?"

అతను నిచ్చెన వేసుకుని పై అరలోంచి గోధుమరంగు గుడ్డ బ్యాగు దించాడు. చక్రాలు నాలుగూ విన్నాడు. కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్ళు పొడుగునా రుద్దాడు. పిడి దగ్గర కుట్టు కాస్త వదులుగా కనిపిస్తే దబ్బనం తీసి మైనపు దారంతో రెండు వరసలు కుట్టాడు. దారం ఎక్కించడానికి ఎప్పుడూ ఒక్కసారే చాలేది, ఇవాళ మూడుసార్లు పట్టింది. అక్క చూస్తూ నిలబడింది కానీ తొందర పెట్టలేదు.

చాపను ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని లోపలికి దించారు. ఈకలున్న వైపు పైకి. బట్టల మూట ఆమే ఒక మూల దోపుకుంది. జిప్పు ఎక్కడా పట్టేయకుండా చుట్టూ తిరిగి వచ్చింది.

"చూశావా," అంది సెనెరీటా, "కొలిచి కుట్టినట్టుంది."

లోసా షాపు మూసి తన పికప్‌లో ఇద్దర్నీ విమానాశ్రయానికి దింపింది. దారి పొడుగునా అక్క ఇంటి సంగతులే చెప్పింది. పనస కాయలు పండి రాలిపోకముందే కోయాలట. పంది పిల్లకి ఉప్పు తిండి పెట్టొద్దట. ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయకుండా చర్చికి వెళ్తే తనకి అక్కడిదాకా తెలిసిపోతుందట.

కాటా మీద బ్యాగు రెండు కిలోలు ఎక్కువ తూగింది. సకారియా చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఆరేళ్ళలో తను సర్దిన బ్యాగు కాటా దగ్గర ఆగిందని ఎవరూ అనలేదు.

"నీ తప్పు కాదులే," అని సెనెరీటా వంగి జిప్పు కాస్త తీసి, బట్టల మూట విప్పింది. గౌన్ల మధ్య చుట్టలు చుట్టిన మొగలి ఆకు పోగులున్నాయి. దారమంత సన్నంగా చీల్చి, ఎండబెట్టి, తెల్లబరిచినవి. వాటి కింద నుంచి అల్లేటప్పుడు చాప కదలకుండా పెట్టే రాయి తీసింది.

"కొత్తది మొదలెడదామని," అంది తమ్ముడి మొహం చూడకుండా. "ఖాళీగా కూర్చుని ఏం చేస్తాను అక్కడ?"

ఒక మేలిచాపకి ఎన్నేళ్ళు పడుతుందో సకారియాకి తెలుసు. అతను రెండు చేతులూ చాపాడు.

"ఇది నీ దగ్గరుంచు," అని ఆమె రాయి అతని చేతుల్లో పెట్టింది. "రాళ్ళు అక్కడా దొరుకుతాయి."

తలుపు దగ్గర అతను తల వంచితే ఆమె అతని నుదుటికి ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత టోపీ సరిచేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఎండలో విమానం వైపు నడిచింది.

అక్క వెళ్ళిన పదకొండో వారం, సోమవారం పొద్దున, ఆక్లండ్ నుంచి లోసాకి ఫోను వచ్చింది. ఆమె విని, ఫోను బల్ల మీద పెట్టి, అరుగు మీదికి వచ్చింది. సకారియా చేతిలోని పెట్టె తీసుకుని, వరసలో మిగిలినవి, ఎన్నడూ లేనిది, తానే నిలబెట్టింది. అతను చూసి, మెట్టు మీద కూర్చున్నాడు.

అక్కని అక్కడే సమాధి చేశారు. చాప ఒక్క ఈక కూడా విరగలేదని, ఆమె మీద కప్పినప్పుడు చర్చిలో అందరూ అంచు పట్టుకుని చూశారని మేనత్త కూతురు చెప్పింది. మంచం పక్కన జానెడు అల్లిక దొరికిందని కూడా చెప్పింది.

నాలుగో రోజు నుంచి సకారియా మళ్ళీ షాపు తెరుస్తున్నాడు, చక్రాలు వింటున్నాడు, వచ్చినవాళ్ళని అదే ప్రశ్న అడుగుతున్నాడు.

ఇంట్లో, ఆమె అల్లుతూ కూర్చునే స్తంభం పక్కన, ఏటి నుంచి తెచ్చిన ఆ నల్లటి రాయి ఉంది. అన్నేళ్ళూ ఆమె చెయ్యి ఆనుతూ వచ్చిన వైపు, అరచెయ్యంత మేర, నున్నబడి కొద్దిగా లోపలికి దిగి ఉంది.