తెరమీది పొట్టేలు ఏమైంది?

పెంచలయ్య ఆత్మకూరు వచ్చి నాలుగు రోజులైంది. చెవి చూపించుకోవడానికి తమ్ముడు మల్లికార్జునే ఊరికి వచ్చి పిలుచుకొచ్చాడు. ఆయన రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. భార్య పిచ్చమ్మ సంచిలో రెండు పంచెలూ ఒక తువాలూ పెట్టి చేతికిస్తే పట్టుకుని బస్సెక్కాడు.

అంతకు పదిరోజుల ముందు, ఉత్తర కార్తె వానలో, ఉదయగిరి కొండ కింద పిడుగు పడింది. వాన మొదలు కాగానే గొర్రెలన్నీ చింతచెట్టు కింద చేరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని నిలబడ్డాయి. ఒక పిల్ల మాత్రం వాగు గట్టు దిగి కంపలో ఇరుక్కుంది. దాన్ని తీయడానికి పెంచలయ్య అటు వెళ్లాడు. కళ్లముందు తెల్లటి వెలుతురు ఒక్కసారి పగిలింది. ఆయన లేచి చూసేసరికి చెట్టు కింద నలభై రెండు గొర్రెలు పడుకుని ఉన్నాయి. అచ్చం నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ఎడమ చెవి అప్పుడే పోయింది. కుడి చెవిలోకి కూడా మాటలు ఎక్కడో గోడ అవతలినుంచి వచ్చినట్టు వచ్చేవి.

ఊరు ఊరంతా వచ్చింది. పిచ్చమ్మ నేలమీద పడి ఏడ్చింది. ఎవరో ఫొటో తీస్తూ "కొంచెం ఇటు జరుగు పెద్దాయనా" అంటే జరిగాడు. జేసీబీ గుంట తీస్తే, ఒక్కొక్కదాన్నీ కాళ్లు పట్టి తనే లాక్కెళ్లాడు. అప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని లోపల వెతుక్కున్నాడు. రాలేదు. కంపలో చిక్కిన పిల్లా, ఆ వేళ ఇంటి దగ్గరే కట్టేసిన మూడు చూడి గొర్రెలూ మిగిలితే వాటిని పక్కింటి కామయ్య మందలో కలిపాడు. ఆ తర్వాత ఆయనకు చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

మల్లికార్జునకు ఆత్మకూరులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. ఇల్లు షాపు మీదనే. అతని కూతురు అశ్విత డిగ్రీ రెండో సంవత్సరం. జర్నలిజం పేపర్ చెప్పే జనార్దనయ్య సారు వాళ్లకొక పని పెట్టాడు. ఇంట్లో అందరికీ నచ్చిన పాత కుటుంబ హాస్య చిత్రం ఒకటి చూసి, కథ చెప్పిన తీరు ఎలా ఉంది, పాత్రలు మనుషుల్లా ఉన్నాయా లేదా రాసుకురమ్మన్నాడు.

ఏ సినిమా అనేది మల్లికార్జున తేల్చేశాడు. దాన్ని అతను ఇరవైసార్లు చూసి ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్లోంచి టీవీలోకి ఎక్కించి, అన్నను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కాసేపు నవ్వుదువు గానీ కూర్చోన్నా. మనసు తేలికపడతాది."

పెంచలయ్య కూర్చున్నాడు.

కథ పెద్దదేం కాదు. ఒక మామగారు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, ఒక పెద్ద మేడ. నెలరోజుల పాటు ఎవరితోనూ గొడవపడని కోడలికే ఇంటి తాళాలు అంటాడు మామ. ఇక కోడళ్ల దొంగ ప్రేమలు, కొడుకుల తిప్పలు. అటుపోయేవాడూ ఇటుపోయేవాడూ లెంపకాయ కొట్టే ఒక పనివాడు. మల్లికార్జున తెరకంటే ముందే మాటలు చెప్పేస్తూ, తొడలు చరుచుకుంటూ నవ్వాడు. వంటింట్లోంచి అతని భార్య రజిని కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నవ్వి వెళ్తోంది. అశ్విత ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని పెన్ను కొరుకుతోంది.

సినిమా అయిపోయింది. ఆమె పేజీలో నాలుగు లైన్లకు మించి లేవు.

"పెదనాయనా, నీకు నచ్చలేదా?" దగ్గరికి జరిగి కుడి చెవి పక్కన అడిగింది.

"బాగుండాది."

"మరి ఒక్కసారి గూడా నవ్వలేదే?"

"మాటలు సగం వినపళ్లేదు పాపా. మనుషులు చేసేదే చూస్తా ఉండినా."

అశ్వితకు ఆ మాట బాగా తోచింది. పెన్ను నోట్లోంచి తీసింది. "అయితే అదే చెప్పు. వాళ్లు చేసిందంతా ఎట్టుండాది?"

పెంచలయ్య ఆరిపోయిన టీవీ వంక చూశాడు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పాలన్నట్టుగా మాత్రమే చెప్పాడు.

"ఆ పొట్టేలు ఏమైంది?"

మల్లికార్జున పెద్దగా నవ్వాడు. "అది కామెడీ సీనన్నా!"

"కాదనలా. విందుకని తెచ్చినారు. అది ఇంట్లో దూరి కుండలు పగలగొట్టింది. మామ పంచె లాగింది. అందరూ దాని ఎనకమాల పరిగెత్తినారు. అంతలో పాటొచ్చింది. పాట అయినాక అది యాడికి పోయింది?"

"కోసుంటార్లే బావా," అంది రజిని గుమ్మంలోంచి.

"కోస్తే ఆకులో ముక్క ఉండాల గదమ్మా. పప్పూ, వంకాయ కూరా వడ్డిచ్చినారు. నేను చూసినా."

అశ్విత సినిమాను వెనక్కి తిప్పింది. విందు దగ్గర ఆపింది. అరిటాకుల్లో పప్పు, వంకాయ కూర, రెండు వడలు. ఆమె పకపకా నవ్వి తండ్రి భుజం తట్టింది. "నిజమే నాయనా! ఇరవైసార్లు చూసినావు, నీకు కనపళ్లా!"

"కట్టేసుంటే కట్టేసినట్టన్నా చూపిచ్చాల," పెంచలయ్య ఆపలేదు. "తప్పిపోయుంటే ఒకరన్నా వెతకాల. ఆ ఇంట్లో ఇరవైమంది ఉండారు. ఒక్కరు గూడా అడగలా."

గొంతు పెరగలేదు, తగ్గలేదు. రేపు బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. మల్లికార్జున మొహంలో నవ్వు ఆగిపోయింది. రజినివైపు చూశాడు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

అశ్విత కూడా అర్థం చేసుకుంది. అయినా పెన్ను ఆపలేదు. ఆగితే ఆయన కూడా ఆగిపోతాడనిపించింది.

"కోడళ్ల సంగతి చెప్పు పెదనాయనా."

"చిన్నకోడలు కుదరలా. పుట్టింటోళ్లని తిట్టినారని ఏడ్చింది. కళ్లు మూసి తెరిచేలోపల పూలు పెట్టుకుని నవ్వతా వచ్చింది. మజ్జెలో ఎన్నిదినాలు పోయినాయో చెప్పలా. ఏడ్చినామె మొకం అంత బిరీన ఆరదు."

"పెద్దకోడలు?"

"ఆమె ఊరికే అరస్తాది. ఎందుకరస్తాదో తీసినోళ్లకి గూడా తెలిసినట్టు లేదు. రెండో కోడలు బాగుండాది. నటించను నావల్ల కాదని రెండోరోజే కొట్లాడింది. కొట్లాడి, పోయి గిన్నెలు కడుక్కుంది. మనిషంటే అట్టనే ఉంటాది."

"పనోడు?"

"వాణ్ణి కొట్టిన ప్రతిసారీ మీ నాయన నవ్వినాడు. వాడు సాయంత్రం యాడికి పోతాడు? పెండ్లాం ఉండాదా? చెంప వాచుంటే ఆమె ఏమంటాది? ఒక్కసారి వాడి ఇల్లు చూపిచ్చుంటే అప్పుడు నవ్వినా బాగుండు."

అశ్విత గబగబా రాస్తోంది. మల్లికార్జునకు ఓపిక తగ్గిపోతోంది. అతనికి ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైనది మామగారి పాత్ర.

"ఆ పెద్దాయన్ని ఏమీ అనబాకన్నా. చివర్లో ఆయన ఏడిస్తే నాకు ఇప్పుడు గూడా కళ్లలో నీళ్లొస్తాయి. ఆయన్ని చూస్తే నాకు మన నాయన గుర్తొస్తాడు."

"నాయన అట్ట లేడు."

"ఎట్ట లేడు? ఆ మీసాలూ, ఆ కోపం..."

"నాయన ఎప్పుడూ మనకి పరీక్షలు పెట్టలా. కోపమొస్తే కొట్టినాడు, పోయినాడు. ఈయన నెలంతా కిటికీలోంచి చూసినాడు, ఎవరు ఓడతారా అని. చెడ్డోడు కాదులే. పనిలేనోడు."

మల్లికార్జున లేచి నిలబడ్డాడు. "ఒక నవ్వుకునే సినిమాకి ఇంత కథెందుకన్నా? అందరూ కలిసిపోయినారు, ఇల్లు చక్కబడింది, అయిపోయింది. నువ్వు చెప్పేది అసలు సినిమా గురించేనా?"

"సినిమా గురించేరా," అన్నాడు పెంచలయ్య.

అది నిజమే. ఆయన మనసులో సినిమా తప్ప ఇంకేం లేదు. చింతచెట్టు లేదు, గుంట లేదు. పదిహేను రోజుల్లో ఇన్ని మాటలు మాట్లాడలేదు గనక నోరెండిపోయింది, అంతే. నీళ్లడిగాడు. రజిని చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉండటం ఆయన చూశాడు, ఎందుకని అడగలేదు.

సోమవారం డాక్టరు రెండు చెవులూ మళ్లీ చూసి కాగితం మీద ఏదో గీత గీసి చూపించాడు. కుడి చెవి మెల్లగా బాగవుతుందన్నాడు. ఎడమది ఇక రాదన్నాడు. "సరే," అన్నాడు పెంచలయ్య. బయటికొచ్చాక సోడాబండి పక్కన నిలబడి మల్లికార్జున ఏడ్చాడు. నిన్న అరిచినందుకు ఏడ్చాడో, చెవి పోయినందుకు ఏడ్చాడో, చిన్నప్పుడు అన్న వెంట తనూ మేపిన మందను తలచుకుని ఏడ్చాడో తెలియదు. తమ్ముడు ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వెయ్యాలి గనక పెంచలయ్య వేశాడు. చెయ్యి అక్కడ ఉంది, ఆయనకు దాని బరువు తెలియలేదు.

"నేను ఊరికి పోతానురా ఇంక," అన్నాడు.

ఆ సాయంత్రమే ఉదయగిరి బస్సెక్కించారు.

వారం తర్వాత అశ్విత ఫోన్ చేసింది. పిచ్చమ్మ ఫోన్ తెచ్చి ఆయన కుడి చెవికి ఆనించి పట్టుకుంది.

"పెదనాయనా, నువ్వు చెప్పిందంతా రాసినా. సారు క్లాసులో చదివిచ్చినాడు. పొట్టేలు దగ్గరికొచ్చేసరికి అందరూ నవ్వినారు. సారు నవ్వలా. తనకీ ఆ సినిమా అంటే ప్రాణమంట. పప్పు వడ్డిచ్చిన సంగతి ఇన్నాళ్లూ చూళ్లేదంట. ఎవరు చెప్పినారని అడిగితే నీ పేరు చెప్పినా."

"అట్నా."

"మీ పెదనాయన ఏం చదువుకున్నాడని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"గొర్లు మేపతాడని చెప్పినా." అంతలోనే నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయింది.

"అవును, మేపతానే," అన్నాడు పెంచలయ్య. ఫోన్ పిచ్చమ్మకు వదిలేసి వసారాలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఆ మర్నాడు కామయ్య వచ్చాడు. కూతురి పురుడని కావలి పోవాలట. వచ్చేదాకా మందను చూసుకోమన్నాడు. ఇద్దరి మధ్యా అడుక్కోవడం, బతిమాలడం లాంటివి లేవు.

"నీ నాలుగు గూడా అందులోనే ఉండాయి. తోలకపో."

"సరే."

తోలుకెళ్లాడు. కొండ వైపు కాదు, వరికుంటపాడు దారిలో కోసేసిన చేలల్లోకి. అక్కడే ఆయనకొక సంగతి తెలిసొచ్చింది. ఒక్క చెవితో ఏ అరుపు ఎటునుంచి వస్తోందో తేలదు. వెనక గొర్రె అరిస్తే ముందుకు చూసేవాడు. ఎడమన అరిస్తే కుడికి నడిచేవాడు. మొదటిరోజు ఒక పిల్లను వెతకడానికి పొద్దువాలిపోయింది, అది చేరువలోనే గట్టు మీద ఉండింది. మూడోరోజుకు, అరుపు వినగానే నిలబడి మెల్లగా చుట్టూ తిరిగితే, కుడి చెవికి గట్టిగా తగిలే వైపున ఉంటుందని కనిపెట్టాడు. దారినపోయేవాళ్లు ఆయన చేను మధ్యలో గుండ్రంగా తిరగడం చూసి, పాపం పిడుగుపాటుకు మతి చలించింది అనుకున్నారు.

మధ్యాహ్నం పిచ్చమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. ఆయనకు కుడి పక్కగా వచ్చి కూర్చుని అడిగింది. "ఆత్మకూర్లో సినిమా చూసినావంట గదా. నాకొక్క ముక్క చెప్పలా."

ఆయన మందవైపు చూస్తూ ముద్ద కలిపాడు.

"ఒక పెద్ద మేడ ఉండాది," అని మొదలుపెట్టాడు.