కెంపు వెనక వజ్రం

ముప్పై ఎనిమిదేళ్లు నిండినా వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మాయే. కళ్లద్దాల దుకాణంలో పని. పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తడం, నిన్నటి గాజుపొడి తుడవడం, ఎవరి చూపుకి తగ్గ అద్దాన్ని వాళ్ల ఫ్రేముకి సరిపడేలా మిషను మీద అరగదీయడం.

ఆమె షట్టరు ఎత్తే వేళకే పక్క నగల దుకాణంలో రాళ్లత్త ట్రేల మీది గుడ్డ తీసేది. రాళ్లత్త ఎవరికీ అత్త కాదు. జీవితమంతా రాళ్లు పొదిగితే ఆ పేరు మిగిలింది. గుడ్డ తీయగానే పచ్చలూ నీలాలూ కెంపులూ ఎప్పుడో తాగిన వెలుతురును కొద్దికొద్దిగా గోడ మీదకి వదిలేవి. ఒక నీలంలోంచి ఏదో ముసురు పట్టిన మధ్యాహ్నం వచ్చేది. ఒక పచ్చలోంచి ఎవరిదో కిటికీ, అందులో పడుకున్న పిల్లి నీడతో సహా.

"పిల్లి వచ్చిందా అత్తా?" అని ఇటునుంచి అద్దాలమ్మాయి అడిగేది.

"వచ్చింది. ఒళ్లు విరుచుకుంటోంది."

ఇద్దరూ టీ తాగి ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు.

ఒక బస్సు డ్రైవరు ఆమె దుకాణానికి మొదటిసారి వచ్చింది విరిగిన కళ్లద్దాలతో. మళ్లీ వచ్చిందీ విరిగిన కళ్లద్దాలతోనే. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి రాళ్లత్త గుమ్మంలోకి వచ్చి, "అద్దాలు విరగ్గొట్టడం మాని అసలు సంగతి చెప్పు నాయనా," అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అద్దాలమ్మాయి తల వంచుకుని అనవసరంగా ఒక స్క్రూ బిగించింది. అలా కుదిరింది పెళ్లి.

ఆయన భార్య పోయి నాలుగేళ్లు. తొమ్మిదేళ్ల కూతురు ఉంది. తిండి పిట్ట తిండి, ఒకచోట నిలవదు, అందుకని పిచ్చుక అంటారు. తండ్రితో దుకాణానికి వస్తే అన్నీ ముట్టుకునేది, అద్దాలమ్మాయితో మాత్రం మాట్లాడేది కాదు. పిలవాల్సి వస్తే దగ్గు వచ్చినట్టు దగ్గేది.

పెళ్లికి ఉంగరం కొందామని ఒక ఆదివారం ముగ్గురూ రాళ్లత్త ముందు కూర్చున్నారు. రాళ్లత్త ఒకవైపు వజ్రాలు, ఇంకోవైపు రంగురాళ్లు పరిచింది.

"నువ్వు రోజూ చూసేవే, అయినా చెప్పడం నా ధర్మం," అంది. "వజ్రానికి మొహమాటం లేదు. వచ్చిన వెలుతురును వచ్చిన దారినే పంపించేస్తుంది, ఏదీ దాచుకోదు. రంగురాయి తాగి ఉంచుకుంటుంది, తీరిగ్గా వదులుతుంది. వదిలింది మళ్లీ రాదు. ఏది కావాలో నీ ఇష్టం."

అద్దాలమ్మాయి మనసు అప్పటికే వజ్రం మీద ఉంది. తను అడుగుపెట్టబోయే ఇంట్లో గిన్నెలు ఇంకొకరు కొన్నవి, పరదాలు ఇంకొకరు కుట్టినవి. వేలి మీద ఉండే ఆ చిన్న రాయిలోనైనా ఎవరూ లేకపోతే బాగుండును అనుకుంది. పైకి చెప్పలేదు.

ఇంతలో డ్రైవరు చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. "ఇదొకటి ఉంది. తనది. నీకు అభ్యంతరం లేకపోతే నీ వేలికి సరి చేయిద్దాం. వద్దంటే ఇది ఇచ్చేసి వజ్రం తీసుకుందాం. నాకు ఏం చెయ్యాలో తోచక తెచ్చాను."

పిచ్చుక మొహం పాలిపోయింది.

రాళ్లత్త మూత తీసింది. కెంపు ఉంగరం. మూత తెరుచుకోగానే ఎదురు గోడ మీద సాయంత్రపు ఎండ పడింది. ఆ ఎండలో పొడుగు జుట్టున్న ఆడమనిషి నీడ, చేతిలో దువ్వెన నీడ. దువ్వెన పైనుంచి కిందికి దిగుతోంది, మళ్లీ పైకి లేస్తోంది. కానీ దాని కింద తల లేదు.

పిచ్చుక కుర్చీ దిగింది. ఎవరి వైపూ చూడకుండా వెళ్లి గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఎంత కిందికి జారి కూర్చోవాలో, తల ఎటు వంచాలో దానికి బాగా తెలుసు. దువ్వెన నీడ సరిగ్గా దాని జుట్టు మీద పడింది.

"డబ్బా బీరువాలో కదరా ఉంటుంది?" అన్నాడు డ్రైవరు.

"తాళం నీ పాత యూనిఫాం జేబులో ఉంటుంది," అంది పిచ్చుక కళ్లు మూసుకునే.

రాళ్లత్త చటుక్కున కెంపు మీద చెయ్యి అడ్డం పెట్టింది. గోడ మళ్లీ మామూలు గోడ అయింది. కంటికి భూతద్దం పెట్టుకుని రాయిలోకి చూసి, "ఎన్నిసార్లు తెరిచావే తల్లీ," అంది మెల్లగా. "అడుగంటిపోయింది. ఇక ఒక్క సాయంత్రానికి సరిపడానే ఉంది."

పిచ్చుక ఏడవలేదు. అద్దాలమ్మాయి వైపు మొదటిసారి నేరుగా చూసి, "ఈమె పెట్టుకుంటే అదీ అయిపోతుంది," అంది.

అద్దాలమ్మాయికి గుండెలో ముల్లు గుచ్చుకుంది. పిల్ల మాటకి కాదు. నీడలోని ఆ పొడుగాటి జుట్టు చూసి, తన కురచ జుట్టూ అందులో నెరిసిన వెంట్రుకలూ గుర్తొచ్చి. చనిపోయిన మనిషి మీద అసూయపడుతున్నానా అని తనకే సిగ్గేసింది. ఆ సిగ్గులో కాసేపు కూర్చుంది. తర్వాత ముందున్న వజ్రాల్లోంచి ఒకదాన్ని పట్టకారుతో తీసి వెలుతురుకి పట్టి చూసింది.

"అత్తా, కెంపులోంచి వచ్చే వెలుతురు దీని మీద పడితే?"

"వెనక్కి కొడుతుంది."

"మళ్లీ కెంపులోకేనా?"

రాళ్లత్త భూతద్దం కింద పెట్టింది. "వెనక పొదిగితే అవుతుంది. గోడ మీదకి కాస్త నీడ వస్తుంది, మళ్లీ లోపలికే పోతుంది. ఆ ఒక్క సాయంత్రమే తిరుగుతూ ఉంటుంది, తరగదు. కానీ ఒక మాట. లోపల కొత్తదానికి చోటుండదు. ఆ కెంపులో ఇక ఎవరూ చేరరు. నువ్వు కూడా."

"చేరకపోతే ఏం?" అంది అద్దాలమ్మాయి. "గొలుసుకి లాకెట్టుగా చేయండి. పిల్ల మెడలో ఉంటుంది."

"మరి నీ ఉంగరం?" అన్నాడు డ్రైవరు.

"రాయి లేనిది చాలు. మిషను దగ్గర రాయి అడ్డం."

పెళ్లి అయింది. లాకెట్టు పిచ్చుక మెడలోకి వచ్చింది. సాయంత్రం కాగానే పిల్ల మెడలోని గొలుసు తీసి ఎదురుగా బల్ల మీద పెట్టుకునేది, గోడకి ఆనుకుని కూర్చునేది. నీడ దువ్వుతూ ఉండేది. అంతా బాగానే ఉంది గానీ, నీడ దువ్వితే చిక్కు పోదు కదా. తలంతా జడలు కట్టింది. బడి నుంచి కబురు వచ్చింది. కాస్త పిల్ల తల చూడండమ్మా అని.

ఒక సాయంత్రం అద్దాలమ్మాయి దువ్వెనా కొబ్బరినూనే పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. పిల్లకీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆడమనిషి నీడ ఇప్పుడు ఆమె మీద పడింది. దువ్వెన నీడ ఎటు కదిలితే తన దువ్వెనా అటే కదిపింది, అది పైకి లేస్తే తనూ ఎత్తింది. పిల్ల బిర్రబిగుసుకుంది గానీ లేచి పోలేదు. మర్నాడు ఇంకాస్త వదులుగా కూర్చుంది. కొన్నాళ్లకి దువ్వెన పళ్లు చురుక్కుమని తగిలి, "పిన్నీ, చెవి! చెవి!" అని కేకేసింది.

వంటింట్లో నీళ్లు తాగుతున్న డ్రైవరు గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఇద్దరూ ఏమీ జరగనట్టే ఉన్నారు. అద్దాలమ్మాయి తీసిన పాపిడి మాత్రం వంకర పోయింది.

ఏళ్లు గడిచాయి. పిచ్చుక పొడుగు సాగింది. బొంగురు గొంతుతో నవ్వడం నేర్చింది, పిన్నితో పోట్లాడటం అంతకంటే బాగా నేర్చింది. పద్దెనిమిదో ఏడు వచ్చేసరికి గోడ దగ్గర ఎంత ఒదిగి కూర్చున్నా దువ్వెన నీడ వీపు మీదే పడేది. అమ్మ చేతులు ఇంకా అయిదేళ్ల పిల్ల తల కోసమే వెతికేవి. తల వంచి, మెడ వంచి, చివరికి నేల మీద పడుకుని కూడా చూసింది. ఒకరోజు లేచి, "పిన్నీ, రాళ్లత్త దగ్గరికి వెళ్దాం రా," అంది.

రాళ్లత్తకి ఇప్పుడు రెండు భూతద్దాలు కావాలి. పిచ్చుక లాకెట్టు ఆమె చేతిలో పెట్టి, "వజ్రం తీసేయండి అత్తా," అంది.

"తీస్తే ఉన్నదంతా ఒక్కసారే బయటికొచ్చేస్తుందే."

"తెలుసు."

"పిచ్చుకా, వద్దురా," అంది అద్దాలమ్మాయి. "ఉండనీ."

"ఆవిడ తొమ్మిదేళ్లుగా దువ్వుతూనే ఉంది పిన్నీ. చేతులు నొప్పెట్టవూ?"

రాళ్లత్త పనిముట్టు కొనతో వజ్రాన్ని పైకి లేపింది. గోడ నిండా ఆ సాయంత్రం పరుచుకుంది. దువ్వెన దిగింది, లేచింది, దిగింది. తర్వాత ఇన్నాళ్లూ ఎవరూ చూడనిది జరిగింది. నీడ దువ్వెన పక్కన పెట్టింది. మూడు పాయలు తీసి జడ అల్లింది, చివర రిబ్బను కట్టి లాగి చూసింది. వంగి, కనపడని ఆ తల మీద ముద్దు పెట్టుకుంది. లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. పొద్దు వాలింది. నీడ పొడుగై పొడుగై గోడ అంచు దాటి వెళ్లిపోయింది.

పిచ్చుక తన జుట్టు తడుముకుంది. "జడ అయిపోయింది," అంది, కన్నీళ్లు కారుతుంటే నవ్వుతూ.

బల్ల మీద కెంపు నల్లటి గింజలా ఉంది. పిచ్చుక దాన్ని అత్త వైపు జరిపింది. "ఇది పిన్ని వేలికి ఉంగరం చేయండి. ఇప్పుడే చేయండి, కూర్చుంటాం."

"నాకెందుకే?" అంది అద్దాలమ్మాయి.

"నీకు కాదు. నాకే. బాగా తాగనీ. నాకు ముసలితనం వచ్చాక కావాలి."

"మరి వజ్రం?" అని రాళ్లత్త అడిగింది. "అది నా చెవి పైన ఇంకో కుట్టు వేయించుకుని పెట్టుకుంటా. నాన్నకి చెప్పకండి," అంది పిచ్చుక.

బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అద్దాలమ్మాయి కొత్త ఉంగరం చెయ్యి కొంగు కింద దాచుకుంది. పిచ్చుక ఆ చెయ్యి బయటికి లాగి, "ఎండలో పెట్టు పిన్నీ! దాచుకుంటే ఎలా నిండుతుంది?" అని కసిరింది.

ఆ చేత్తో ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. పిల్ల నుదుటి మీద పడిన వెంట్రుకల్ని చెవి వెనక్కి సర్దింది. కెంపు తాగిన మొదటి వెలుతురు అదే.