మాస్టారు మైకు దగ్గరికొచ్చాక

ఛాయాదేవి గద్వాల చీర మీద ఎర్ర టీషర్టు తొడుక్కుని స్కూల్ బోర్డు మీటింగుకి బయల్దేరింది. తొడుక్కుందనడం కన్నా కోడలు నమ్రత తొడిగిందనాలి. "ఈ ఒక్క సాయంత్రమే కదా అత్తయ్యా, మన వీధివాళ్ళందరం ఒకే రంగులో కనిపించాలి" అంటూ తల మీదుగా దింపేసింది. కొంగు లోపలెక్కడో చిక్కుకుపోయి, దారి పొడుగునా ఆవిడ దాన్ని వెతుక్కుంటూనే ఉంది.

సంగతేమిటంటే, డాలస్ పక్కన వాళ్ళుండే ఆ ఊళ్ళో స్కూలు పిల్లలతో కిక్కిరిసిపోయింది. ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో కొత్తగా గీత గీస్తామని బోర్డువాళ్ళు రెండు మ్యాపులు పెట్టారు. మొదటిదాంట్లో గీత పెద్దరోడ్డు మీదుగా పోతుంది. ఇళ్ళవాళ్ళ పిల్లలు ఉన్న స్కూల్లోనే ఉంటారు, రోడ్డవతలి అపార్ట్‌మెంట్ల పిల్లలు మాత్రం దూరపు స్కూలుకి పోతారు. రెండోదాంట్లో గీత వాగు వెంట పోతుంది. అప్పుడు ఇళ్ళవాళ్ళూ అపార్ట్‌మెంట్లవాళ్ళూ కలిసే దూరం పోతారు. ఎర్ర టీషర్టులు మొదటి మ్యాపువాళ్ళవి.

ఛాయాదేవికి మ్యాపులతో పనిలేదు. ఆవిడ ప్రాణమంతా మనవరాలు నైనిక మీద. మూడో క్లాసు చదివే ఆ పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. గడప దాటిందంటే మాట బయటికి రాదు. స్కూల్లో దాహమేసినా, కడుపునొప్పొచ్చినా దేదీప్య చెవిలో చెబుతుంది. దేదీప్య వెళ్ళి టీచరుకి చెబుతుంది. ఆ దేదీప్య ఉండేది రోడ్డవతల అపార్ట్‌మెంట్లలో.

నెలరోజులుగా అత్తాకోడళ్ళ మధ్య ఇదే నలుగుతోంది.

"వాళ్ళిద్దర్నీ విడదీస్తే ఇది ఇంకా ముడుచుకుపోతుందమ్మా."

"దేదీప్య పక్కనున్నంతకాలం ఇది నోరు విప్పదత్తయ్యా. ఎందుకు విప్పుతుంది, అడగకుండానే పనైపోతుంటే? ఇక్కడ మిస్ హార్పర్ ఉంది. రెండేళ్ళు ఈమెయిల్స్ పెడితే దొరికింది దీనికి స్పీచ్ టీచర్. మొన్న ఆవిడతో మూడు మాటలు మాట్లాడిందట, పైకి! ఇప్పుడు స్కూల్ చేంజ్ చేస్తే మళ్ళీ మొదటికొస్తాం."

కొడుకు తేజేశ్వర్ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా, "మీరిద్దరూ డిసైడ్ చేసి నాకు చెప్పండి" అనేవాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, నమ్రత అన్నదాంట్లో అబద్ధం లేదు. కోడలిదే తప్పయితే ఛాయాదేవికి రాత్రిళ్ళు హాయిగా నిద్రపట్టేది.

హాల్లో అడుగుపెట్టేసరికి ముందు వరసలన్నీ ఎర్రగా ఉన్నాయి. కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ వచ్చిన పెద్దవాళ్ళందర్నీ కార్లలో ఎక్కించి తెచ్చి కూర్చోబెట్టారు. పక్కింటి రాజారావుగారు పంచె మీద ఎర్ర టీషర్టుతో కనబడ్డాడు.

"చూశారా ఛాయాదేవిగారూ, అచ్చం సికింద్రాబాదు స్టేషన్లో కూలీల్లా ఉన్నాం. సామాను ఎక్కడ దింపమంటారో ఏమో!"

"ఊరుకోండి అన్నయ్యగారూ, పిల్లలు వింటారు" అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

అపార్ట్‌మెంట్లవాళ్ళు వెనక వరసల్లో ఉన్నారు. కొందరు ఆఫీసు బట్టల్లోనే వచ్చేశారు, మెళ్ళో ఐడీ కార్డులు వేలాడుతూ. వాళ్ళ మధ్య దేదీప్య. నైనిక నానమ్మ చెయ్యి పట్టుకునే మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. దేదీప్య చెయ్యి ఊపింది. నైనిక తన ఎర్ర షర్టు వైపు ఒకసారి చూసుకుని, చెయ్యెత్తకుండానే ముందుకి తిరిగింది.

బోర్డు పెద్ద, తెల్లజుట్టావిడ, మైకులో నియమం చెప్పింది. చప్పట్లు కొట్టకూడదు. మాట్లాడేవాళ్ళ మాట సబబనిపిస్తే మౌనంగా లేచి నిలబడాలి. ఓటింగు కూడా ఈ సాయంత్రమే.

నమ్రత వంగి తెలుగులో మళ్ళీ చెప్పింది. "నేను మాట్లాడేటప్పుడు నిలబడండత్తయ్యా. మిగతావాళ్ళప్పుడు కదలకండి. అందరూ వినండి అంకుల్, ఆంటీ, కదలకండి!"

నమ్రత బాగా మాట్లాడింది. కూతురు పేరు చెప్పకుండా, నోరు విప్పని ఒక పిల్ల గురించి చెప్పింది. ఎర్ర వరసలన్నీ లేచాయి. ఛాయాదేవీ లేచింది, అబద్ధంగా కాదు. కళ్ళు కూడా తుడుచుకుంది.

తరవాత పిలిచిన పేరు వీరభద్రరావు.

ఆయన దేదీప్య తాతగారు. నిడదవోలు హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో పిల్లలకి ఓనమాలు దిద్దిస్తారు. ఇళ్ళవాళ్ళ పిల్లలూ అక్కడికే వెళ్ళి దిద్దేది. తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వరసల మధ్యలోంచి నడిచొస్తున్నారు.

ఛాయాదేవి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు పోయాయి, పద్యాలు పోయాయి. మాస్టారు గుమ్మంలో కనిపిస్తే లేచి నిలబడటం మాత్రం మోకాళ్ళలో ఉండిపోయింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు. చూస్తే పక్కన రాజారావుగారూ లేచి ఉన్నాడు, ఆ పక్కావిడా, వెనకాయనా. ఎర్ర షర్టుల్లోని పెద్దవాళ్ళందరూ ఒక్కొక్కరే చేతులు కట్టుకుని నిలబడిపోయారు.

"రెస్పెక్టెడ్ సర్స్ అండ్ మేడమ్స్" అని మొదలుపెట్టిన మాస్టారు, ఆ ఎర్రరంగు చూసి ఆగిపోయారు. తమాయించుకుని, ఒకే బల్ల మీద దిద్దుకున్న పిల్లల్ని రోడ్డుకి అటొకర్నీ ఇటొకర్నీ చెయ్యొద్దని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు.

బోర్డు పెద్ద కళ్ళద్దాలు సవరించుకుంది. "ఎర్ర షర్టులవాళ్ళు కూడా ఈయనతో ఏకీభవిస్తున్నారా?" అని అడిగింది.

నమ్రత చటుక్కున లేచింది. "సారీ మేడమ్, అది మా కల్చర్. టీచర్ వస్తే నిలబడతారు. అంతే. వాళ్ళకి మీ రూల్ అర్థం కాలేదు." ఇటు తిరిగి, పళ్ళ మధ్యనుంచి, "కూర్చోండత్తయ్యా!" అంది.

పెద్దవాళ్ళు నాలిక కరుచుకుని ఒక్కొక్కరే కూలబడ్డారు. ఛాయాదేవి మోకాళ్ళు కూడా వంగాయి. సగం వంగాక నైనిక చెయ్యి ఆవిడ టీషర్టు అంచుని గట్టిగా పట్టుకుంది. కూర్చోమనో, కూర్చోవద్దనో! పిల్ల మొహంలో ఆవిడకి ఏమీ కనిపించలేదు. ఇక తనే తేల్చుకోవాలి.

మోకాళ్ళు నిటారయ్యాయి.

"అత్తయ్యా, ప్లీజ్. అందరూ చూస్తున్నారు."

"చూడనీ." బోర్డు పెద్ద వైపు తిరిగింది. ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. "అండర్‌స్టాండ్, మేడమ్. ఐ నో రూల్. ఐ స్టాండ్."

రాజారావుగారు సగం లేచాడు. వెనకనించి కొడుకు భుజం నొక్కి, "నాన్నా, సిట్" అన్నాడు. "ఉండరా, కాలు పట్టేసింది, సాగదీసుకోవాలి" అంటూ ఆయన పూర్తిగా లేచి నిలబడ్డాడు. ఆ తరవాత ఇంకొకావిడ లేచింది. అంతే, ఇక ఎవరూ లేవలేదు.

ఓటింగులో వాగు గీతే గెలిచింది, ఒక్క ఓటు తేడాతో. ముగ్గురు ముసలివాళ్ళు నిలబడినందుకే గెలిచిందని ఎవరూ అనలేరు. కాదనీ అనలేరు.

బయట పార్కింగ్‌లో ఇంకా వెలుతురుంది. ఎర్ర షర్టులవాళ్ళు మొహాలు తిప్పుకుని కార్లెక్కుతున్నారు. నమ్రత కారు తలుపు తీసి పట్టుకుని నిలబడింది గాని లోపలికి ఎక్కలేదు.

"మొదట తెలియక నిలబడ్డారు. సరే. తరవాత?"

"తరవాత తెలిసే, అమ్మా."

"రేపక్కడ దాని నోరు పూర్తిగా మూసుకుపోతే నాకెవరు జవాబు చెబుతారు? దేదీప్య చెబుతుందా? మీరు చెబుతారా?"

ఈలోగా నైనిక నానమ్మ టీషర్టు అంచు లాగి, కిందికి వంచి, చెవిలో ఏదో అంది.

"ఏమంటోంది?" అడిగింది నమ్రత.

చెప్పేయబోయింది ఛాయాదేవి. మాట పెదవి దాకా వచ్చింది. ఎన్నేళ్ళ అలవాటు! పిల్ల చెవిలో వేస్తుంది, తను అందరికీ పంచుతుంది. దేదీప్య ఒక్కతేనా ఆ పని చేసేది! కోడలి మాటల్లో సగం తనకే తగలాల్సిందని అప్పుడు తట్టింది ఆవిడకి. నోరు మూసుకుంది.

"మీ అమ్మకి నువ్వే చెప్పు తల్లీ."

నైనిక అటూ ఇటూ చూసింది. పక్క కారు దగ్గర మనుషులున్నారు. దూరంగా దేదీప్య తాతగారి చెయ్యి పట్టుకుని నడుస్తోంది, ఇటు చూడటంలేదు. పిల్ల మొహం ఎర్రబడింది.

"ఆకలేస్తోంది" అంది నైనిక.

నమ్రత అత్తగారి వైపు చూడలేదు. కారు తలుపు వదిలేసి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏంటమ్మా? మళ్ళీ చెప్పు" అంది, వినపడక కాదు.